బీజ క్షేత్ర న్యాయం – ఎలుకల సాక్ష్యం

పుట్టుకను గురించి రాయవలసి వచ్చినప్పుడు మన రచయితల చేతికి సులువుగా అందే ఉపమానం ఒకటుంది. పురుషుడు బీజం, స్త్రీ క్షేత్రం. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో దీని మీద పెద్ద చర్చే నడిచింది. ఒకరి పొలంలో మరొకరి విత్తనం పడితే పంట ఎవరికి చెందాలన్నది అక్కడి ప్రశ్న. పైకి చూస్తే ఇది సేద్యం నుంచి తీసుకున్న పోలిక. లోపల ఉన్నది ఆస్తి తగాదా. క్షేత్రానికి యజమాని ఉంటాడు, బీజానికి స్వభావం ఉంటుంది. క్షేత్రానికి మాత్రం స్వభావమూ లేదు, మాటా లేదు.

మనువును తిరస్కరించిన వాళ్లం కూడా ఈ ఉపమానాన్ని తిరస్కరించలేదు. మన కథల్లో కడుపులు ‘పండుతూనే’ ఉన్నాయి. ‘గొడ్రాలు’ అనే మాటకు సరితూగే పురుషవాచకం నిత్యవ్యవహారంలో లేదు. ‘వీర్యం’ అంటే శౌర్యమని నిఘంటువు చెబుతుంది. ఆ రెండో అర్థాన్ని ఆసరా చేసుకునే ఉద్యమాన్ని ‘నిర్వీర్యం’ చేశారని మన సంఘాల తీర్మానాల్లో ఏ సంకోచమూ లేకుండా రాసుకుంటున్నాం. పదాల చరిత్ర తెలిసిన వాళ్లే ఇలా రాస్తే, ఊళ్లో పిల్లలు కలగని కోడలిని అత్త ఏ మాట అంటుందో వేరే చెప్పాలా? ఈ భాష కింద ఉన్న భావానికి భౌతిక జగత్తులో ఆధారమేమైనా ఉన్నదా, లేదా అని పరిశీలించడం సాహిత్య విమర్శకు సంబంధం లేని పని కాదు. ఆ పరిశీలనకు గత నాలుగైదు దశాబ్దాలలో మంచి సామగ్రి దొరికింది. అది దొరికిన చోటు మాత్రం కాస్త విచిత్రమైనది: ఎలుక.

సైన్సు కూడా చాలాకాలం మనువు దారినే నడిచింది. 1677లో లేవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో శుక్రకణాన్ని చూశాడు. 1694లో హార్ట్‌సూకర్ అనే డచ్చివాడు ఆ కణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న చిన్న మనిషి బొమ్మే గీశాడు. క్షీరదాల అండాన్ని ఫాన్ బేర్ కనిపెట్టడానికి 1827 దాకా పట్టింది. అంటే నూట యాభై ఏళ్లపాటు విజ్ఞానానికి బీజం కనిపించింది, క్షేత్రం ఖాళీగానే ఉంది. అండం దొరికిన తర్వాతా పాఠ్యపుస్తకాల కథనం మారలేదు. శుక్రకణం వీరుడు, ఈదుతుంది, పోరాడుతుంది, కోట బద్దలు కొడుతుంది, అండం నిరీక్షిస్తుంది. ఈ కథనం అచ్చంగా ఒక ప్రేమకథ మూసలో ఉందని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1991లో ఒక వ్యాసంలో ఎత్తిచూపింది. ఆమె చేసింది సాహిత్య విమర్శే, వస్తువు మాత్రం జీవశాస్త్ర గ్రంథాలు.

ఇక ఎలుక సంగతి. మన కరీంనగర్ కాలువ కింద వరి పొట్టమీదికి వచ్చిందంటే రైతుకు మొదటి శత్రువు ఎలుక. ఆదిలాబాదు మెట్టపొలాల్లోనూ దాని బాధ తక్కువేమీ కాదు. ఇంటి చిట్టెలుక, పొలం ఎలుక, పందికొక్కు – వీటి తేడాలు చెప్పడానికి ఇక్కడి పాలేర్లకు ఏ పుస్తకమూ అక్కరలేదు. ఒక ముచ్చట చెప్పుకోవచ్చు. ఇంగ్లీషులోని ‘బాండికూట్’ మన ‘పందికొక్కు’ నుంచి పోయిన మాటే. 1873లో గ్రే అనే శాస్త్రవేత్త దాన్ని లాటిన్ వేషంలో ‘బాండికోటా’ అని ప్రజాతి పేరుగా పెట్టాడు. ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో పెంచుకునే వేరే జంతువుకు కూడా ఆ పేరే అంటగట్టారు. ఒక్క తెలుగు మాట రెండు ఖండాల జంతుశాస్త్రంలోకి పాకిందన్న మాట, అదీ ధాన్యం దొంగ పేరు!

జన్యుశాస్త్రానికి చిట్టెలుక చాలాకాలంగా పలక లాంటిది. మూడు వారాల్లో ఈనుతుంది, గదిలో వేల సంఖ్యలో పెంచవచ్చు. క్షీరదాల్లో రెండు జన్యువులు జతగా సంక్రమిస్తాయని మొదట రుజువు చేసిన పత్రం 1915లో వెలువడింది. రచయితలు ముగ్గురు: జె.బి.ఎస్. హాల్డేన్, యుద్ధంలో అదే ఏడు చనిపోయిన అతని మిత్రుడు స్ప్రంట్, హాల్డేన్ చెల్లెలు నవోమి. ఈ నవోమి తరువాత నవోమి మిచిసన్ పేరుతో ప్రసిద్ధ నవలా రచయిత్రి అయింది. హాల్డేన్ మార్క్సిస్టు. 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. చిట్టెలుక జన్యు సంపుటం ముసాయిదా 2002లో, పెద్ద ఎలుకది 2004లో పూర్తయ్యాయి. రెండు పాఠాల్ని పక్కపక్కన పెట్టి చదివే వీలు అప్పటినుంచి కలిగింది.

పాఠమనే మాట వాడాను. ఇది తాళపత్ర ప్రతుల్ని పరిష్కరించే పద్ధతికి చాలా దగ్గర. ఒక మూలప్రతి నుంచి రెండు శాఖలు విడిపోయి, వేర్వేరు లేఖకుల చేతుల్లో నకళ్లు ఎత్తబడుతూ వచ్చాయనుకుందాం. కొన్ని పొరపాట్లు అర్థాన్ని ముట్టుకోవు. ఒకడు ‘గుఱ్ఱము’ అని రాస్తే ఇంకొకడు ‘గుర్రము’ అంటాడు. ఒకడు అరసున్న పెడతాడు, మరొకడు వదిలేస్తాడు. కొన్ని అర్థాన్ని మారుస్తాయి: ‘కల’ పోయి ‘కళ’ వస్తుంది. జన్యువులోనూ అంతే. కొన్ని అక్షరాల మార్పు వల్ల తయారయ్యే ప్రొటీన్ మారదు, కొన్నింటివల్ల మారుతుంది. మొదటి రకం మార్పులు కాలం గడిచేకొద్దీ గడియారంలా పోగుపడతాయి. రెండో రకం మార్పులు సాధారణంగా హానికరం కాబట్టి ప్రకృతి వరణం వాటిని తుడిచేస్తుంది. అందుచేత రెండు జాతుల్ని పోల్చి, ఏ రకానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి చూస్తే, చాలా జన్యువుల్లో అర్థం మార్చే మార్పులు రెండో దానికంటే ఎంతో తక్కువగా తేలతాయి. ఎక్కడైనా అవే ఎక్కువగా కనిపించాయంటే, లేఖకుడు పొరబడలేదని అర్థం. ఎవరో కావాలని తిరగరాస్తున్నట్టు ఆ పాఠం మారుతోంది. కొత్తదనానికే అక్కడ బతుకు ఉంది.

ఇలాంటి చోట్లు జన్యు సంపుటంలో ఎక్కడెక్కడ ఉన్నాయి? రోగనిరోధక వ్యవస్థలో ఉన్నాయి. అది ఊహించదగినదే, సూక్ష్మజీవులతో ఎడతెగని పోరు. రెండోది ఎవరూ ముందుగా ఊహించనిది: పునరుత్పత్తి. సృష్టికి మూలమైన ఆ తంత్రం మార్పు లేకుండా స్థిరంగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. అది తారుమారైంది.

చిట్టెలుక అండం చుట్టూ పారదర్శకమైన పొర ఒకటుంటుంది. మూడు ప్రొటీన్లతో అల్లిన పొర అది. వాటికి జడ్‌పి1, జడ్‌పి2, జడ్‌పి3 అని పేర్లు. 1980లో బ్లైల్, వాసర్‌మన్ అనే ఇద్దరు శుక్రకణం ఈ మూడింటిలో జడ్‌పి3ను పట్టుకుంటుందని చూపారు. తరువాత జడ్‌పి2దే అసలు పాత్ర అని జూరియన్ డీన్ బృందం వాదించింది. ఆ వివాదం ఎలా ఉన్నా, 2001లో స్వాన్సన్ బృందం క్షీరదాల జడ్‌పి2, జడ్‌పి3 జన్యువుల్ని పోల్చి, వాటిలో అర్థం మార్చే మార్పుల్ని వరణమే ముందుకు నెడుతోందని తేల్చింది. 2006లో టర్నర్, హోక్‌స్ట్రా ఉత్తర అమెరికా జింకమూతి ఎలుకల్లో, అంటే ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి బంధువుల్లోనే, ఇదే ధోరణిని చూశారు. గమనించండి, ఇవి ‘క్షేత్రం’ వైపు జన్యువులు. మౌనంగా పడి ఉండే నేల ఇంత వేగంగా తన పాఠాన్ని తిరగరాసుకోదు.

మానవుల్లో ఈ పొరకు నాలుగు ప్రొటీన్లు. పెద్ద ఎలుకలోనూ నాలుగే. చిట్టెలుకలో మాత్రం నాలుగో జన్యువు పాడైపోయి పనిచేయకుండా మిగిలింది. మన వర్ణమాలలో ఌ, ౡ ఉన్నాయి కదా, పట్టికలో వాటికి స్థానముంది, పిల్లలచేత దిద్దిస్తాం, మాటల్లో ఎక్కడా రావు. అలాంటిదే ఇది.

ఈ పొర ఎంతటి సరిహద్దో తెలిపే ప్రయోగం ఒకటి 1976లో యానగిమాచి చేశాడు. హామ్‌స్టర్ అనే చిట్టి మూషికం అండం మీది పొరను ఒలిచేసి మనిషి శుక్రకణాన్ని దగ్గరికి తెస్తే అది లోపలికి ప్రవేశించింది. పొర ఉంటే అది అసాధ్యం. ఏది తనదో ఏది పరాయిదో తేల్చే విచక్షణ అండం పొరలోనే ఉందన్నమాట.

లోపలి పొర దగ్గర ఇంకో జత ప్రొటీన్లు. 2005లో జపానులో ఒకాబే బృందం శుక్రకణం తలమీది ప్రొటీన్ ఒకటి కనిపెట్టి, పెళ్లిళ్లకు ప్రసిద్ధమైన ఇజుమో దేవాలయం పేరు పెట్టింది. దానికి అండం వైపున్న జోడీని 2014లో ఇంగ్లండులో బియాంకీ, రైట్ కనుగొని, రోమనుల వివాహదేవత జూనో పేరు పెట్టారు. ఇజుమో జన్యువు తీసేసిన మగ ఎలుక శుక్రకణాలు చూడడానికి ఆరోగ్యంగానే ఉంటాయి, ఈదుతాయి, అండం దాకా చేరతాయి, కలవవు. ఆ మగది నిస్సంతు. అదే జన్యువు లేని ఆడది మామూలుగా పిల్లల్ని కంటుంది. జూనో తీసేస్తే లెక్క తిరగబడుతుంది: ఆడది నిస్సంతు, మగదానికి లోటు లేదు. ‘గొడ్రాలు’ అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు ఏ సంస్కరణ నవలలోనూ నాకు దొరకలేదు. తాళానికీ చెవికీ సమానమైన పాత్ర. ఏది పాడైనా తలుపు తెరుచుకోదు.

మరి ఈ వేగం ఎందుకు? ఒక కారణం శుక్రకణాల పోటీ. ఒక ఆడ ఎలుక ఒకే విడతలో ఒకటికి మించిన మగవాటితో కలిస్తే, ఆ తరువాతి పోటీ ఆమె శరీరంలో నడుస్తుంది. జెఫ్రీ పార్కర్ 1970లో కీటకాల విషయంలో దీన్ని సిద్ధాంతీకరించాడు. చిట్టెలుకలో మగదాని వీర్యంలోని ఎస్‌విఎస్2 అనే ప్రొటీన్ గడ్డకట్టి మార్గాన్ని మూసేస్తుంది. ఆ గడ్డను బిగించే ఎంజైము జన్యువును తొలగిస్తే గడ్డ కట్టదనీ, సంతానం తగ్గుతుందనీ 2013లో డీన్ (ఇతడు వేరే డీన్) చూపాడు. అదే ఎస్‌విఎస్2 లేకపోతే శుక్రకణాలు గర్భాశయంలో నాశనమవుతాయని 2014లో జపాను పరిశోధకులు చెప్పారు. అంటే గర్భాశయం పుట్టింటి చావడి కాదు. వచ్చిన దాన్నల్లా పరీక్షకు పెడుతుంది. జింకమూతి ఎలుకల్లో ఇంకా వింత ఉంది. ఆడవి పలువురితో కలిసే జాతిలో ఒకే మగదాని శుక్రకణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి గుంపుకట్టి ఈదుతాయి. జంట వీడని జాతిలో ఆ గుర్తింపు లేదు. ఇది 2010 నాటి పరిశోధన.

ఇంకో కారణం రెండు పక్షాల ప్రయోజనాలు అక్షరాలా ఒకటి కాకపోవడం. శుక్రకణానికి తొందర. అండానికి తొందర ప్రమాదం, ఎందుకంటే రెండు శుక్రకణాలు ప్రవేశిస్తే పిండం బతకదు. అందుకే మొదటిది రాగానే అండం తన పొరలోని జడ్‌పి2ను కోసేసి తలుపు మూసుకుంటుంది. ఒకవైపు చెవి మారితే, మరోవైపు తాళం మారుతుంది. ఇక్కడ మనవాళ్లు వెంటనే ‘వైరుధ్యాల ఐక్యత’ అంటారు. అనవచ్చు, కాని ఆ మాట అన్నంత మాత్రాన ఏదీ వివరించినట్టు కాదు. ఏ ప్రొటీన్, ఏ స్థానంలో, ఏ మార్పు అన్నది ప్రయోగశాలలో తేలాలి.

జన్యువుకు ఉన్న ఇంకో పార్శ్వాన్ని సాహిత్యం వాళ్లు తేలిగ్గా పట్టుకోగలరు. దానికి పేరు కూడా మనదే: అభివ్యక్తి. ఒక జీవి శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యు గ్రంథం ఉంటుంది. కాలేయం ఒక అధ్యాయం చదువుతుంది, కన్ను వేరొకటి. వృషణం మాత్రం అత్యాశ గల పాఠకుడు, మిగతా అవయవాలకంటే ఎక్కువ జన్యువుల్ని తెరుస్తుంది. అక్కడ మాత్రమే పలికే జన్యువులు, అన్నిచోట్లా పలికే వాటికంటే వేగంగా మారతాయి. పదిచోట్ల పనిచేసే జన్యువుకు కట్టుబాట్లు ఎక్కువ, ఒకచోటే పనిచేసే దానికి స్వేచ్ఛ ఎక్కువ. ఇందులో ఒక చమత్కారం ఉంది. శుక్రకణం తయారయ్యే దశలో ఎక్స్ క్రోమోసోము మూగబోతుంది. శక్తి ఉత్పత్తికి అవసరమైన పిజికె1 జన్యువు దానిమీదే ఉంది. ఆ లోటు తీర్చడానికి దాని నకలు పిజికె2 ఇంకో క్రోమోసోము మీద, వృషణంలో మాత్రమే పలుకుతుంది.

నకలు వేరే పనికి మళ్లడం భాషలో మనకు తెలిసిందే. ‘యాత్ర’, ‘జాతర’ ఒకే మాట. ఒకటి తత్సమం, ఒకటి తద్భవం. ఇవాళ కాశీయాత్ర వేరు, కేస్లాపూర్ నాగోబా జాతర వేరు. ఒకటి పోవడం, ఒకటి కూడడం. మూషికాల్లో పునరుత్పత్తి జన్యువులు ఇలా రెట్టింపులై విడిపోవడం పరిపాటి. మనిషికి ప్రొలాక్టిన్ జన్యువు ఒకటే. చిట్టెలుకలో ఆ కుటుంబంలో ఇరవైకి పైగా ఉన్నాయి, చాలావరకు మాయలో పలుకుతాయి. తల్లికీ కడుపులోని పిల్లకూ మధ్య పోషణ బేరసారాలు జరిగే అవయవం మాయ.

రెట్టింపు కథ హైదరాబాదులోనూ ఒకటి జరిగింది. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ఎద్దు వీర్యద్రవంలో సూక్ష్మజీవుల్ని చంపే ప్రొటీన్ ఒకటి ఉందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించి, దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు పెట్టారు. నలభై ఏడు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1977లో మొదలైన సిసిఎంబికి వ్యవస్థాపక సంచాలకుడైన ఈ భార్గవే శాస్త్రీయ దృక్పథం కోసం జీవితాంతం వాదించి, 2015లో పద్మభూషణ్‌ను వెనక్కి ఇచ్చి, 2017లో మరణించాడు. ఆయన పౌరహక్కుల ప్రసంగాలు విన్న మన రచయితల్లో ఎంతమందికి ఈ ప్రొటీన్ సంగతి తెలుసో! సెమినల్‌ప్లాస్మిన్ పుట్టుపూర్వోత్తరాలు 1995లో తెలిశాయి. పేగులో తయారయ్యే పెప్టైడ్ వైవై అనే హార్మోను జన్యువు పశువుల శాఖలో ఇటీవలే రెట్టింపయింది. ఆ నకలు పేగును వదిలి వీర్యద్రవానికి మారి, కొద్ది మార్పులతోనే వేరే వస్తువైంది. జీర్ణక్రియకు చెందిన మాట సంతానోత్పత్తిలో కొత్త అర్థంతో తేలిందన్నమాట.

మూషికాల మూత్రం మీద ఒక పేరా రాస్తే సంపాదకులు అభ్యంతరపెట్టరనుకుంటాను. మగ చిట్టెలుక కాలేయం ఎంయుపి అనే ప్రొటీన్లను తయారుచేసి మూత్రంతో వదులుతుంది. వాటి జన్యువులు చిట్టెలుకలో ఇరవైకి పైగా, పెద్ద ఎలుకలో తొమ్మిది, మనిషిలో పనిచేసేది ఒక్కటీ లేదు. వాటిలో ఒకదాని వాసన చూసిన ఆడ ఎలుక ఆ చోటును గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ అక్కడికి వస్తుంది. 2010లో జేన్ హర్స్ట్ బృందం దానికి ‘డార్సిన్’ అని పేరు పెట్టింది. జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాయకుడు డార్సీ గుర్తుగా! ఇజుమో, జూనో, డార్సీ – ప్రయోగశాలలో కూడా మనిషి ఉపమానం లేకుండా నాలుగడుగులు వేయలేడు. దాన్ని తప్పు పట్టనక్కరలేదు. ఇక్కడ ఎంపిక చేసేది ఆడదన్న సంగతి ఆ పేరులో దాగిపోకుండా చూసుకుంటే చాలు.

ఈ మార్పులన్నీ పోగుపడితే ఏమవుతుంది? రెండు జనాభాలు కొంతకాలం విడిగా ఉంటే, తాళాలూ చెవులూ సరిపడక సంకరం వంధ్యమవుతుంది. సంకరంలో వంధ్యత్వం ముందుగా, క్షీరదాల్లోనైతే మగవాటికి, వస్తుందని హాల్డేన్ 1922లోనే చెప్పాడు. 2009లో ఫోరెయ్‌ట్ బృందం చిట్టెలుక రెండు ఉపజాతుల సంకరంలో దానికి కారణమైన జన్యువును పట్టుకుంది: పిఆర్‌డిఎం9. క్షీరదాల్లో జాతుల్ని విడదీసే జన్యువు దొరకడం అదే మొదలు. ఈ వరుసలో ఒక చేదు సంగతిని దాటిపోకూడదు. ఇలాంటి పరిశోధనను బూర్జువా శాస్త్రమని ముద్రవేసి, 1948లో లైసెంకో సోవియట్ దేశంలో జన్యుశాస్త్రాన్ని మూసేయించాడు. అంతకు ఐదేళ్ల ముందే వావిలోవ్ జైలులో చనిపోయాడు. అది శత్రుశిబిరంలో జరిగింది కాదు. జన్యువనే మాట వినగానే మొహం చిట్లించే అభ్యుదయ పాఠకులు ఇవాళా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

దీనికి రెండో వైపున్న ప్రమాదమూ తక్కువది కాదు. ‘పోటీ ప్రకృతి ధర్మం, ఎలుకలే సాక్ష్యం’ అంటూ మార్కెట్టుకూ కులానికీ సమర్థన వెతికేవాళ్లు ఉంటారు. జింకమూతి ఎలుకల్లోనే ఒక జాతి పలువురితో కలుస్తుంది, ఇంకో జాతి జంట విడవదు. వీటిలో ఏది మనకు ‘ధర్మం’? రక్తశుద్ధి సంగతీ అంతే. పిఆర్‌డిఎం9 గోడ రెండు ఎలుక ఉపజాతుల మధ్య ఉన్నది. మనుషుల కులాల మధ్య అలాంటి గోడ ఏదీ లేదు. అందుకే దాన్ని కొడవళ్లతోనూ గొడ్డళ్లతోనూ నిలబెట్టుకోవలసి వస్తోంది.

ఈ జ్ఞానం పొలానికి ఏం చేసింది? జడ్‌పి3 జాతికొక రకంగా ఉంటుంది కాబట్టి, ఎలుకలకే అంటే వైరస్‌లో ఎలుక జడ్‌పి3ను పెట్టి వదిలితే, ఎలుక శరీరం తన అండం పొరకే ప్రతిరక్షకాలు తయారుచేసుకుని గొడ్డుబోతుంది, మిగతా జంతువులకు హాని ఉండదన్నది ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల ఆలోచన. ప్రతిస్పందన పెంచడానికి ఇంటర్‌ల్యూకిన్-4 జన్యువును ఎలుకల మశూచి వైరస్‌కు తగిలించి చూశారు. గొడ్డుబోవడం సంగతి అలా ఉంచి, మశూచిని సహజంగా తట్టుకునే ఎలుకలు, టీకా వేసిన ఎలుకలు కూడా చచ్చాయి. 2001లో ఆ ఫలితం అచ్చయినప్పుడు ఇదే పని మనుషుల మశూచితో చేస్తే ఏమవుతుందని ప్రపంచం ఉలిక్కిపడింది. శ్రీరాంసాగర్ ఆయకట్టులో రైతుకు ఇప్పటికీ దిక్కు జింకు ఫాస్ఫైడూ బ్రోమాడయోలోనే. అవి కూడా ఊరంతా ఒకే రోజున బొక్కబొక్కకూ పెడితేనే పనిచేస్తాయి. ఒక్క రైతు తన మడిలో పెట్టుకుంటే, పక్కమడి ఎలుకలు వారం తిరగకుండా ఆ ఖాళీ బొక్కల్లోకి వచ్చి చేరతాయి.